విజయనగరంలో ఒక ఇంటి పెరట్లో రెండడుగుల స్కేట్‌బోర్డ్ ర్యాంపు: పని మొత్తం ఎలా జరిగిందంటే

మాది వడ్రంగి పని, పక్కనే మా మేనల్లుడికి చిన్న వెల్డింగ్ షాపు, రెండూ కలిపి విజయనగరంలో నడుస్తున్నాయి. మంచాలు, వంటింటి కబోర్డులు, గేట్లు, ఇవే మాకు రోజూ. స్కేట్‌బోర్డ్ ర్యాంపు (చక్రాల పలక మీద నిలబడి ఎక్కి దిగే వంపు చెక్క) ఎవడైనా అడుగుతాడని కలలో కూడా అనుకోలేదు గానీ తోటపాలెం వైపు ఉన్న ఒక బ్యాంకు ఉద్యోగి వచ్చి ఫోన్లో ఒక ఫోటో చూపించి ‘మా గుంటడు పదకొండేళ్లోడు, ఇలాంటిది ఇంట్లో కావాలంటున్నాడు, చేస్తారా’ అన్నారు. ఫోటోలో ఉన్నది నాలుగడుగుల ఎత్తు, పైన గోడలాగ నిలువు. బోర్డు కొని ఏడాది అయిందంట, రోడ్డు మీద బాగానే తోలుతున్నాడంట, ర్యాంపు మాత్రం ఇంతవరకు ఎక్కలేదంట.

నేను పని ఒప్పుకునే ముందే ఒక మాట చెప్పాను సార్, నాలుగడుగులు వద్దు, రెండు చేద్దాం అని. ఆయన మొహం చిన్నబోయింది, ‘పిల్లాడు పెరుగుతాడు కదా, రేపు సరిపోదు’ అన్నారు. మంచం పొడుగు గురించైతే ఆ మాట కరెక్టే. ర్యాంపుకి అది కుదరదు, ఎందుకో లెక్క చెప్తాను.

బోర్డు మీద ఒక ఎత్తు దాకా ఎక్కాలంటే కింద ఎంత స్పీడు ఉండాలో స్కూలు ఫిజిక్సులోనే ఉంది, రెండు ఇంటూ జి (భూమి లాగే గురుత్వ త్వరణం) ఇంటూ ఎత్తు, దానికి వర్గమూలం. రెండడుగులంటే 0.6 మీటరు, గంటకి సుమారు 12 కిలోమీటర్లు కావాలి, కుర్రాళ్లు మామూలుగా పరిగెత్తే స్పీడే. మూడడుగులకి 15, నాలుగడుగులకి 17 పైచిలుకు, ఇదంతా రాపిడి లెక్కెయ్యకుండా. వాళ్ల పెరడు పొడుగు 22 అడుగులు, అందులో ర్యాంపు ఆరడుగులు తినేస్తే మిగిలింది 16, ఆ పదహారడుగుల్లో కాలితో నెట్టుకుంటూ 12 దాకా వెళ్లొచ్చు, 17 ఎక్కడ తెస్తాడు? నాలుగడుగులది కట్టించుకుంటే సగం దాకా వెళ్లి వెనక్కి జారడానికే పనికొస్తుంది, పైసగం బట్టలు ఆరేసుకోవాలి.

ఎత్తు కన్నా పెద్ద సంగతి వంపు. ఇది బయట చూసేవాళ్లకి తెలీదు. ర్యాంపు వంపు అంటే ఒక పెద్ద వృత్తంలో ముక్క, ఆ వృత్తం వ్యాసార్ధం ఎంత అన్నదాన్ని బట్టి అది మెత్తగా లేస్తుందా, ఠక్కున లేస్తుందా అన్నది ఉంటుంది. ఫోటోలో ఉన్నది నాలుగడుగుల ఎత్తుకి నాలుగడుగుల వ్యాసార్ధం, అంటే పైకి వెళ్లేసరికి పూర్తి 90 డిగ్రీలు, గోడే. మేం పెట్టింది రెండడుగుల ఎత్తుకి ఆరడుగుల వ్యాసార్ధం, పైన వాలు 48 డిగ్రీల దగ్గర ఆగిపోతుంది. నేల మీద అది తినే జాగా నాలుగున్నర అడుగుల లోపు, వంపు వెంట కొలిస్తే ఐదడుగుల ఒక అర అంగుళం, పైన నిలబడే డెక్ అడుగున్నర, మొత్తం ఆరడుగులు. వెడల్పు నాలుగడుగులు, ప్లై షీటు వెడల్పే నాలుగు కాబట్టి కోత తక్కువ.

ఇదంతా నోటితో చెప్తే ఆయనకి ఎక్కలేదు గానీ షాపు నేల మీద సుద్దముక్కతో రెండు వంపులూ అసలు సైజులో గీసి, కుర్రాడి బోర్డు తెప్పించి పక్కకి పడుకోబెట్టి గీత వెంట జరిపి చూపించాను. నాలుగడుగుల గీత మీద బోర్డు ముక్కు వంపుకి ఎంత దగ్గరికొచ్చేస్తందో కళ్లకి కనిపించింది. కుర్రాడే ‘డాడీ ఇదే బాగుంది’ అని చిన్నది చూపించాడు. అక్కడితో గొడవ అయిపోయింది.

గియ్యడానికి దారం వాడొద్దు. దారం సాగుతుంది, చెయ్యి కొంచెం గట్టిగా లాగితే పావంగుళం తేడా వచ్చేస్తుంది. పొడుగాటి బద్ద తీసుకుని ఒక చివర మేకు, ఆరడుగుల దగ్గర చిల్లు పెట్టి పెన్సిల్, అంతే. కేంద్రం ఎక్కడంటే ర్యాంపు నేలని తాకే చోటుకి సరిగ్గా నిట్టనిలువుగా ఆరడుగుల మీద, అది పక్కకి జరిగిందంటే మొదట్లోనే గతుకు వస్తుంది కాబట్టి మూలమట్టం పెట్టి చూసుకోవాలి. ఇంకోటి, మేం గీసే చెక్క మీద తర్వాత 12 ఎం.ఎం ప్లై వస్తుంది కదా, ఆ మందం ముందే తీసెయ్యాలి, లేకపోతే తయారైన వంపు మొత్తం 12 ఎం.ఎం పైకి లేచి కూర్చుంటుంది. అందుకని సైడు చెక్క వంపుని ఆ మేరకి దించి కోశాం.

సైడులకి 18 ఎం.ఎం ప్లై, ఎనిమిది బై నాలుగు షీటు ఒక్కటి. రెండడుగుల ఎత్తు పెట్టుకుంటే వచ్చే లాభాల్లో ఇదొకటి, షీటుని పొడుగునా రెండుగా చీలిస్తే రెండు సైడులూ వచ్చేస్తాయి, డెక్ ప్లై మందం తీసేస్తే ఇంకా తక్కువే కావాలి కాబట్టి రంపం తిన్నది కూడా అడ్డు రాదు. ఒక్కో సైడూ ఆరడుగులే, కాబట్టి చివర్లో రెండడుగుల చదరాలు రెండు మిగులుతాయి, ఆ రెండూ పక్కపక్కన పెడితే డెక్ అయిపోతుంది. మూడడుగుల ఎత్తైతే ఈ లెక్క మొత్తం పోయి షీట్లు డబుల్ అవుతాయి. ఖర్చులో సగం పైన ప్లైకే పోయింది, అందుకే చెప్తున్నాను.

ప్లై గురించి కొంచెం ఎక్కువ చెప్తాను, ఏమీ అనుకోకండి, ఎందుకంటే ఈ పని నిలబడేదీ పాడయ్యేదీ అక్కడే. బయట ఎండావానల్లో ఉండే దానికి మామూలు కమర్షియల్ ప్లై పనికిరాదు. ఐ.ఎస్ (భారత ప్రమాణం) 303లో బి.డబ్ల్యు.ఆర్, అంటే మరిగే నీళ్లకి ఆగే రకానికి జిగురు అతుకు ఎనిమిది గంటలు మరిగే నీళ్లు తట్టుకోవాలి, ఐ.ఎస్ 710 మెరైన్ రకానికైతే 72 గంటలు. షీటు మీద ముద్ర ఉంటుంది కానీ ముద్ర కొట్టడం ఎంతసేపు. ఒక షాపులో (పేరెందుకు లెండి) 710 అని ముద్ర ఉన్న షీటు మరీ చవగ్గా చెప్పాడు. నేను సరే అని ముందు చిన్న ముక్క ఒకటి అడిగి తెచ్చుకుని ఇంటి దగ్గర కట్టెల పొయ్యి మీద గిన్నెలో మరిగించాను. మధ్యాహ్నం పెట్టింది సాయంత్రానికి చూస్తే మూల పొర లేచి ఉంది, వేలుగోరు దూర్చి లాగితే మొత్తం పొర చేతిలోకొచ్చింది, లోపల జిగురు తెల్లగా పాలుగారుతంది, మధ్య పొరలో ఒకచోట చెక్కే లేదు, ఖాళీ. ఆ ఖాళీ మీద చక్రం రోజూ పడితే అక్కడే కుంగి పగులుతుంది. వేరే చోట తెచ్చిన ముక్క రాత్రంతా మరిగినా అంచు తప్ప ఏమీ అవ్వలేదు, అదే కొన్నాం. ఆడోళ్లు ‘కర్రముక్కలు ఉడకబెట్టుకుంటన్నాడు, పిచ్చెక్కిందేటి’ అని నవ్వుకున్నారు, నవ్వనివ్వండి.

పైన నడిచే పొర ఒకే 12 ఎం.ఎం షీటు ఎందుకు వెయ్యలేదంటే అది వంగదు. ప్లైకి పై పొర గ్రెయిన్ (చెక్క నార) పొడుగునా ఉంటుంది, ఆ దిక్కున వంచితే మొండికేస్తుంది, అడ్డంగా వంచితే లొంగుతుంది. మన వంపు వెళ్లేది పొడుగు దిక్కునే. 12 ఎం.ఎం షీటు ఆ దిక్కున పన్నెండు అడుగుల వ్యాసార్ధం కన్నా తక్కువకి ఒప్పుకోదు, 9 కూడా కష్టమే, 6 ఎం.ఎం మాత్రం ఐదడుగుల దాకా వంగుతుంది. మనది ఆరడుగులు కాబట్టి రెండు 6 ఎం.ఎం షీట్లు ఒకదాని మీద ఒకటి. కింది దాన్ని ఫెవికాల్ మెరైన్ పెట్టి స్క్రూలు బిగించాం, పై దానికి జిగురు పెట్టలేదు, కావాలనే. పై పొర అరిగిపోయేది, ఎప్పుడో ఒకప్పుడు మార్చాలి, అప్పుడు స్క్రూలు ఊడదీస్తే షీటు లేచి రావాలి. రెండు షీట్లకీ నాలుగు అంచులూ రెండు పక్కలా ముందే రంగు తాగించాలి, నీళ్లు ప్లైలోకి దూరేది అంచులోంచే, మొహంలోంచి కాదు.

బిగించేటప్పుడు కింద నుంచి పైకి రావాలి. కింద అంచు రెండు స్క్రూలు పట్టించి, కుర్రాణ్ణి ఆ షీటు మీద కూర్చోమన్నాను, వాడు పిరుదుల మీద జరుగుతూ పైకెళ్తుంటే వెనకాలే మేం స్క్రూలు దింపుకుంటూ పోయాం. వాడికి ర్యాంపు మీద మొదటి సవారీ అదే.

స్క్రూల్లో నల్ల జిప్సం స్క్రూలు వాడకండి, సీలింగు పనికి బాగుంటాయి గానీ పక్కనుంచి దెబ్బ తగిలితే తల పుటుక్కున తెగుతుంది, పైగా మన సముద్రం గాలికి ఒక వానాకాలంలోనే తుప్పు కారుతుంది. స్టెయిన్‌లెస్ సి.ఎస్.కె (తల చదునుగా లోపలికి కూర్చునే) స్క్రూలు, బర్మాతో ముందే చిల్లు, తల ప్లై లోపలికి కొంచెం దిగాలి. పైకి నిలిచిన ఒక్క తల చాలు పిల్లాడి మోకాలు చెక్కుకుపోడానికి.

లోపల అడ్డకర్రలకి కొత్త కర్ర కొనలేదు. మన దగ్గర పాత పెంకుటిళ్లు కూలుస్తున్నారు కదా, వాటి వాసాలు టేకువీ గుగ్గిలంవీ దొరుకుతాయి, ఏళ్ల తరబడి ఆరిన కర్ర, మెలి తిరగదు. మూడు బై రెండు సైజుకి కోయించాం. లోపల విరిగిన మేకులుంటాయి, అయస్కాంతం తిప్పి చూసి తీసేకే రంపం పెట్టాలి, లేకపోతే బ్లేడు పోద్ది. సరుగుడు వాసాలు మన తీరంలో చవగ్గా వస్తాయి గానీ ఇలాంటి పనికి వద్దు, ఆరేకొద్దీ పగులుతాయి, తాటి కర్రకి స్క్రూ పట్టు ఉండదు. అడ్డకర్రలు ఎనిమిదంగుళాలకి ఒకటి చొప్పున పెట్టాం, ఇంకా దూరం పెడితే ప్లై మధ్యలో ఊగుతుంది, ఊగినచోట స్పీడు చస్తుంది. పైభాగంలో కర్ర మూడంగుళాల వైపు నిలువుగా, కింద చోటు లేదు కాబట్టి పడుకోబెట్టి.

ఆ కింది భాగమే మొత్తం పనిలో నాకు ఎక్కువ తల పట్టించినది. ఆరడుగుల వ్యాసార్ధంలో నేలని తాకినచోటు నుంచి మొదటి అడుగు దూరంలో వంపు లేచేది అంగుళం మాత్రమే. ఆరంగుళాల దగ్గరైతే పావంగుళం. మరి 12 ఎం.ఎం ప్లై ఎక్కడ మొదలెడతావు? లెక్కేస్తే మొన నుంచి ఎనిమిది అంగుళాల అవతల గానీ దానికి మందం చాలదు. దాని కింద అంగుళం బద్ద పట్టాలంటే పద్నాలుగున్నర దాటాలి, రెండంగుళాల కర్ర పట్టాలంటే పందొమ్మిది దగ్గరికి వెళ్లాలి. అందుకని ఎనిమిది నుంచి పద్నాలుగు దాకా వాలుగా చిత్రిక పట్టిన ముక్కలు పెట్టి, కింద నేలకి ఆనించాం. మొదటి ఎనిమిది అంగుళాలకి 3 ఎం.ఎం ఇనప రేకు, నాలుగడుగుల పొడుగు, అడుగు వెడల్పు. రేకు పై అంచుని, ప్లైలో దాని మందం మేరకు గాడి తీసి కూర్చోబెట్టాం, వేలు పెట్టి నిమిరితే ఎక్కడా తగలకూడదు. నేల వైపు అంచుని మా మేనల్లుడు గ్రైండరుతో కత్తిలా పల్చగా చేసీసాడు, మరీ అంత పల్చన చేస్తే కాలు కోసుకుంటుందని మళ్లీ కొంచెం మొద్దు చేయించాను. పెయింటుకి ముందు రెడాక్సైడు.

చిన్న చక్రాలకి ఆ అంచు ప్రాణం. గట్టి చక్రాలు 52 ఎం.ఎం ఉంటాయి, వాటికి చిన్న రాయి అడ్డం వచ్చినా బోర్డు ఆగిపోతుంది, మనిషి ఆగడు. బండి మీద వెళ్లేవాడికి స్పీడ్ బ్రేకరు లెక్క లేదు, వీడికి పెసరగింజ కూడా లెక్కే. ర్యాంపు బాలేదు అని పిల్లలు అంటే నూటికి తొంభై పాళ్లు పైన కాదు, ఇక్కడే చూడాలి.

పైన అంచుకి పైపు, దాన్ని కోపింగ్ అంటారు. ఇక్కడ కొనేటప్పుడు ఒక తిరకాసు ఉంది, పైపు సైజు చెప్పేది లోపలి బెజ్జం లెక్కన. ఒకటిన్నర అంగుళం పైపు అడిగితే బయట కొలత 48.3 ఎం.ఎం ఉంటుంది, రెండంగుళాలది 60.3. ఇంటర్నెట్‌లో చూసి రెండున్నర దగ్గర బయట కొలత అనుకుని రెండున్నర పైపు అడిగితే చేటంత తెస్తారు. ఇంత చిన్న ర్యాంపుకి ఒకటిన్నర చాలు. పైపు డెక్ మీదకి ఆరేడు ఎం.ఎం పైకి, వంపు వైపు కూడా అంతే బయటికి పొడుచుకురావాలి. ఎక్కువ పొడుచుకొస్తే చక్రం తట్టుకుంటుంది, తక్కువైతే అంచు చేరామని కాలికి తెలీదు. లెక్కలతో కుస్తీ పట్టకుండా పైపు ముక్క ఒకటి కోసి సైడు చెక్క మీద పెట్టి ప్లై ముక్కలు కూడా పక్కన నిలబెట్టి చుట్టూ పెన్సిల్ తిప్పి గాడి కోశాం.

సైటు సంగతి. మొదట ముందు వాకిట్లో పెడదామనుకున్నారు, అక్కడ గచ్చు నున్నగా ఉంది. వాళ్ల మామ్మ ఒప్పుకోలేదు. ‘సంక్రాంతికి నాను ముగ్గెక్కడెట్టాలి, ఈడి బండి మీదా?’ అంది. నాకు లోపల సంతోషమే, ముగ్గుపిండి చక్రాల బేరింగుల్లోకి వెళ్తే ఇసక వెళ్లినట్టే. వెనక పెరట్లో గచ్చు గరుకు, పైగా నీళ్లు పోడానికి వాలు, రసమట్టం పెట్టి చూస్తే ర్యాంపు వెడల్పులో ఒక పక్క ముప్పావు అంగుళం కిందకి ఉంది. ఆ పక్క సైడు కింద గట్టి కర్ర బద్ద కొట్టి సరిచేశాం. ఇటుకముక్కలు పెట్టి లేపొచ్చు కదా అన్నారు, రోజూ అదురు తగిలే దాని కింద ఇటుక పొడైపోతుంది.

గేటు మూడున్నర అడుగులు, ర్యాంపు వెడల్పు నాలుగు. ఇక్కడ కూడా రెండడుగుల ఎత్తే కాపాడింది, పక్కకి పడుకోబెట్టేసరికి వెడల్పు రెండడుగులైపోయి బీరువా తీసుకెళ్లినట్టు నలుగురం మోసుకెళ్లిపోయాం. షాపులో కట్టి ఇంటికి తేవడం మంచిది, వాళ్లింట్లో కూర్చుని జిగ్‌సా తిప్పితే వీధి వీధంతా వస్తుంది.

సైడుల కింద ఖాళీ మూసెయ్యాలా వద్దా అన్నది ఇంకో గొడవ. మూసేస్తే లోపల చెమ్మ, చెదలు. వదిలేస్తే పాము చేరుతుంది, పక్కనే చింతచెట్టు కింద రాళ్లకుప్ప ఉంది మరి. వెనక వైపు సన్న కన్నుల వెల్డ్ మెష్ కొట్టించాం, గాలి ఆడుతుంది, ఏదీ దూరదు. ర్యాంపుకీ వెనక గోడకీ మధ్య సందు మాత్రం ఉంచకుండా ఆనించేశాం, కాలు ఇరుక్కునే సందు కన్నా ప్రమాదం లేదు.

గాలివాన సంగతి ఉత్తరాంధ్రలో ఎవడూ మర్చిపోకూడదు. 2014 అక్టోబరు 12 హుద్‌హుద్ ఇక్కడంతా చూసిందే, 2018లో తిత్లీ పలాస దగ్గర తీరం దాటి ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలమట్టం చేసీసింది. వంపు తిరిగిన ప్లై కింద గాలి దూరితే అది తెరచాపే. అందుకని గచ్చులో రెండు పక్కలా యాంకర్ బోల్టులతో రింగులు దింపి ర్యాంపుకి కూడా రింగులు పెట్టాం, తుపాను కబురు రాగానే తాడు బిగించి డెక్ మీద ఇసక బస్తాలు. మామూలు రోజుల్లో టార్పాలిన్ కప్పి ఉంచమన్నాను, కానీ వాన వెలిసేక టార్పాలిన్ తీసి ఆరబెట్టాలి, తడి మీద కప్పి ఉంచితే కప్పకపోడమే నయం. తడి రంగు మీద బోర్డు ఎక్కితే జారడం ఖాయం కాబట్టి గుడ్డతో తుడిచి, అరచేత్తో చూసి, అప్పుడు.

అప్పజెప్పిన రోజున కుర్రాడు సరాసరి డెక్ ఎక్కి కిందకి దూకబోయాడు. దాన్ని డ్రాప్ ఇన్ అంటారు, అది ఆఖర్న నేర్చుకునేది. హెల్మెట్టు, మోచేతి మోకాలి ప్యాడ్లు, మణికట్టు గార్డులు లేకుండా ఎక్కనివ్వనని తండ్రితోనే చెప్పించాను, బైకు హెల్మెట్ కాదు, అది బరువు, మెడకి ఇబ్బంది. ముందు కింద నుంచి వెళ్లి ఎక్కినంత ఎక్కి అలాగే వెనక్కి రావాలి, రోజూ చెయ్యి వెడల్పు పైకి. తర్వాత పైన వెనక చక్రాల మీద మళ్లడం, అది కూడా వచ్చేక డెక్ మీద నుంచి దిగడం. నేను బోర్డు ఎక్కేవాణ్ణి కాదు, కానీ నేను చేసిన దాని మీద వాడు ఎక్కడ పడతాడో నాకు తెలియాలి కదా, అందుకని సాయంత్రాలు వెళ్లి కూర్చునేవాణ్ణి. చూస్తే వాడు పడ్డప్పుడల్లా వంపు మీద కూర్చున్నట్టు జారి కిందకొచ్చేస్తున్నాడు, నిలువు నుంచి ఊడి పడట్లేదు. 48 డిగ్రీలు పనిచేస్తున్నది అక్కడ తెలిసింది.

మధ్యలో దసరా వచ్చింది. దసరా వెళ్లిన మంగళవారం మా పైడితల్లమ్మ సిరిమాను జాతర, ఆ రోజుల్లో మా ఊళ్లో వడ్రంగి పని చేసేవాడికి వేరే ధ్యాస ఉండదు, పెద్ద చింతమానుని చెక్కి నున్నగా తీర్చడం చూస్తూ నిలబడితే పూట గడిచిపోద్ది. కాబట్టి ర్యాంపు దగ్గరికి మళ్లీ వెళ్లింది వానలు తగ్గేక.

వానాకాలం తర్వాత లెక్క ఇది. అడ్డకర్రలకి ఏమీ అవలేదు, చెదలు రాలేదు (కింద తాకే కర్రలకి చెదల మందు పూసి ఆపైన పాత ఇంజనాయిలు పట్టించాం). పై పొర ప్లై బాగుంది గానీ రేకు కలిసే గీత దగ్గర చక్రం తగిలి తగిలి రంగు పోయి, అక్కడ అంచు కొంచెం ఉబ్బింది. ఇసక కాగితం పట్టి మళ్లీ రంగు తాగించాం. రేకు మీద రెండు స్క్రూలు వదులయ్యాయి, అదురుకి అవుతాయి, నెలకోసారి బిగించుకోమని స్క్రూడ్రైవరు కుర్రాడి చేతికే ఇచ్చాను. కోపింగ్ మీద పెయింటు పూర్తిగా లేచిపోయి మెరుస్తంది, అంటే వాడు పైదాకా వస్తున్నాడన్నమాట. అక్కడ పెయింటు వెయ్యక్కర్లేదు, కొంచెం మైనం రాస్తే చాలు.

ఇప్పుడు వాడికి ఎదురుగా ఇంకోటి కావాలంట. తండ్రి మళ్లీ షాపుకొచ్చారు, ఈసారి ఎత్తు మాట ఎత్తలేదు. నేను టేపు పట్టుకెళ్లి కొలిచాను, 22 అడుగుల్లో రెండు ర్యాంపులకి పన్నెండు పోతే మధ్యలో చదును పది మిగులుతుంది. ఇంత చిన్న ర్యాంపులకి మధ్యలో ఎనిమిది నుంచి పది అడుగులు ఉంటే సరిపోతుంది, ఇటు దిగిన స్పీడే అటు ఎక్కిస్తుంది, కాలితో నెట్టే పని తక్కువ. కాకపోతే రెండోది పడాల్సిన చోట ఆయన స్కూటీ షెడ్డు ఉంది, దాని కాలమ్ ఒకటి సరిగ్గా డెక్ మధ్యలోకి వస్తంది. షెడ్డు తీసేస్తారా, రెండోదాని వెడల్పు మూడడుగులకి తగ్గించుకుంటారా అన్నది ఇంట్లో మాట్లాడుకుని చెప్తామన్నారు. మూడడుగులైతే నేను చెయ్యనని చెప్పీసాను, మళ్లేటప్పుడు పక్కకి పడిపోతాడు. షెడ్డు కాలమ్ జరపడానికి మా మేనల్లుడు రేటు రాసిచ్చాడు.